శబ్దశుద్ధి – భావశుద్ధి

గడచిన కార్తిక మాసములో మా ఊరి రామాలయమున దీపోత్సవము జరిగినది. ఆలయద్వారము ప్రక్కనున్న నల్లబల్లమీద ఒక యువకుడు సుద్దముక్కతో ఆనాటి కార్యక్రమమును వ్రాయుచుండెను. అక్షరములు ముత్యములవలె గుండ్రముగా నున్నవి. చివర “భక్తులెల్లరు శ్రద్దతో పాల్గొనవలెను” అని ముగించెను. నేను దగ్గరకు పోయి, “నాయనా, శ్రద్ధకు ఒత్తు మరచితివి” అంటిని. అతడు వినయముగనే నవ్వి, “శాస్త్రిగారూ, చదివినవాళ్ళకు అర్థమవుతుంది కదండీ. స్వామి మనసు చూస్తాడు గాని ఒత్తులు చూస్తాడా?” అనెను.

దీపములు వెలిగించు వేళ అయినది. వాదమునకు తావు లేకపోయెను. కాని ఆ ప్రశ్న నాతో ఇంటికి వచ్చినది. ముప్పదియైదు సంవత్సరములు పిల్లలచేత శబ్దములును, ధాతువులును వల్లె వేయించినవాడను. ఇట్టి ప్రశ్నకు నావద్ద సమాధానము సిద్ధముగా నుండవలసినది. ఆలోచించిన కొలదియు అది తేలికైన ప్రశ్న కాదని తోచినది. అక్షరదోషము కేవలము చదువులోని లోపమా? లేక ధర్మమునకు సంబంధించిన దోషమా? భగవంతుడు భావమునే గ్రహించువాడైనచో వ్యాకరణముతో భక్తునికేమి పని? పెద్దలు ఈ రెండు పక్షములను గూర్చియు చెప్పియున్నారు. ఆ రెంటిని ముందుగా చూచి, పిదప నిర్ణయమునకు వత్తము.

దోషము దోషమే అను పక్షము

వేదములో త్వష్ట కథ ప్రసిద్ధమైనది. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు వధించగా, త్వష్ట ఇంద్రుని చంపగల వీరుని కోరి అగ్నిలో సోమశేషమును వేల్చెను. ఆ సందర్భమున “ఇంద్రశత్రు” అను పదమును పలికెను. అక్షరములు సరిగానే యున్నవి. తప్పినది స్వరము మాత్రమే. స్వరము పదము చివర నున్నచో “ఇంద్రుని చంపువాడు” అని అర్థము. మొదట నున్నచో “ఇంద్రుడు ఎవనిని చంపునో వాడు” అని అర్థము. త్వష్ట చివర నుంచవలసిన స్వరమును మొదట నుంచెను. హోమము ఫలించినది, ఫలము తలక్రిందైనది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడయ్యెను. త్వష్ట సంకల్పములో లోపము లేదు, దుఃఖములో అబద్ధము లేదు. అయినను మాట మనస్సును అనుసరింపలేదు, మాటనే ఫలము అనుసరించినది.

పతంజలి మహర్షి మహాభాష్యారంభములో అసురుల సంగతి చెప్పును. వారు శత్రువులను ఉద్దేశించి పలుకవలసిన మాటలో రేఫమును లకారముగా మార్చి “హేలయః” అని పలికి పరాభవమును పొందిరట. కుంభకర్ణుడు ఇంద్రాసనమును కోరబోయి నాలుక తడబడి నిద్రాసనమును కోరెనని మన ఇండ్లలో పిల్లలకు చెప్పుకొను కథ కూడ ఇట్టిదే. ఈ కథలన్నిటి సారము ఒక్కటి: మాట నోట వెడలిన పిదప అది పలికినవాని అధీనములో నుండదు.

భావమే ప్రధానమను పక్షము

ఇక రెండవ పక్షము. మూర్ఖుడు విష్ణుశబ్దమునకు చతుర్థీ విభక్తిని “విష్ణాయ” అని చెప్పినను, పండితుడు “విష్ణవే” అని సరిగా చెప్పినను పుణ్యము సమానమే, జనార్దనుడు భావమును గ్రహించువాడు గదా యని పెద్దలు చెప్పుచుందురు. చైతన్య మహాప్రభువు దక్షిణదేశ యాత్రలో శ్రీరంగమున ఒక బ్రాహ్మణుని చూచినట్లు కృష్ణదాస కవిరాజు తన చైతన్యచరితామృతములో వర్ణించెను. ఆ బ్రాహ్మణుడు నిత్యము గీతాపారాయణము చేయుచుండెడివాడు. పలుకునది తప్పులతడక. చుట్టునున్నవారు పరిహసించుచుండిరి. అతని కన్నులనుండి మాత్రము అశ్రువులు ధారగా కారుచుండెను. మహాప్రభువు కారణమడుగగా, “నాకు అర్థము తెలియదు. గురువు చదువుమన్నాడు, చదువుచున్నాను. పుస్తకము తెరచినంతనే పార్థుని రథముమీద పగ్గములు పట్టుకొని కూర్చున్న శ్యామసుందరుడు కనబడుచున్నాడు” అని చెప్పెనట. గీతను చదువుటకు నిజమైన అధికారము నీకే కలదని మహాప్రభువు అతనిని కౌగిలించుకొనెను.

కేరళదేశమున గురువాయూరు క్షేత్రమునకు సంబంధించిన ఐతిహ్యమొకటి కలదు. పూంతానము అను భక్తకవి సహస్రనామములలోని “అమరప్రభువు” అను నామమును “మరప్రభువు” అని చదివెనట. మలయాళమున “మరము” అనగా చెట్టు. దేవతలకు ప్రభువైనవాడు చెట్లకు ప్రభువైనాడని ఒక పండితుడు పరిహసించెను. అంతట “నేను చెట్లకు మాత్రము ప్రభువును కానా?” అని గర్భాలయము నుండి మాట వినవచ్చెనట. నారాయణీయమును రచించిన మేల్పత్తూరు భట్టతిరి విభక్తికంటె పూంతానము భక్తియే తనకు ప్రియమని స్వామి పలికినట్లు ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు.

ఒక పక్షమున త్వష్ట, మరియొక పక్షమున శ్రీరంగ బ్రాహ్మణుడు. ఒకనికి స్వరము తప్పినందుకు కుమారుడు పోయెను. ఒకనికి పదములన్నియు తప్పినను భగవదనుగ్రహము లభించెను. ఈ రెండును సత్యములే యైనచో వీనికి సమన్వయమెట్లు?

పతంజలి చూపిన మార్గము

ఈ సమన్వయమునకు దారి పతంజలియే చూపెను. యర్వాణస్తర్వాణులని పేరు పొందిన ఋషులు కొందరుండిరి. వారు ధర్మమును ప్రత్యక్షముగా దర్శించినవారు, తెలియవలసినదంతయు తెలిసినవారు. అయినను నిత్యవ్యవహారములో “యద్వా నః, తద్వా నః” అనవలసిన చోట “యర్వాణః, తర్వాణః” అని పలుకుచుండెడివారు. అదే వారికి పేరైనది. కాని యజ్ఞకర్మలో ప్రవేశించిన పిదప వారి నోట ఒక్క అపశబ్దము కూడ వెలువడెడిది కాదు. అసురులో, యజ్ఞములో సైతము అపశబ్దమును పలికిరి. అందుచేత పరాభవము పొందిరి. కాబట్టి శబ్దనియమము యజ్ఞకర్మకు సంబంధించినదని భాష్యకారుని అభిప్రాయము.

దీనిలోని లోతును గమనింపుడు. ఋషులకు మాట తప్పుట తెలియక జరిగినది కాదు. ఇంటి అరుగుమీద తమ వారితో మాటలాడునప్పుడు వారు స్వేచ్ఛగా నుండిరి. పదిమంది శ్రేయస్సు తమ వాక్కుమీద ఆధారపడియున్న చోట మాత్రము జాగరూకులైరి. మన ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే యున్నది. శ్రీరంగ బ్రాహ్మణుని శ్రోత ఒక్కడే. ఆ శ్రోత సర్వజ్ఞుడు. మాట పుట్టకముందే భావము నెరిగినవాడు. అట్టివానికి మన వ్యాకరణముతో పనిలేదు. పొరుగువాడు సర్వజ్ఞుడు కాడు. మన హృదయములోనికి తొంగి చూచు శక్తి అతనికి లేదు. అతనికి మనమిచ్చునవి ఈ నాలుగు అక్షరములే. అవి వంకరగా నున్నచో మన భావము కూడ అతనికి వంకరగనే చేరును. కావున ఏకాంతములో దేవునితో పలుకు పలుకు వేరు. పదిమంది కొరకు వ్రాయు వ్రాత వేరు. లోకము కొరకు వ్రాయుటయే మన కాలమునకు యజ్ఞము.

నల్లబల్లమీద వ్రాసిన ఆ వాక్యము స్వామి కొరకు వ్రాసినది కాదు. స్వామికి కార్యక్రమము ముందే తెలియును. అది భక్తుల కొరకు వ్రాసినది.

ఒక గుడి, ఒక ఒత్తు, ఒక చుక్క

తెలుగువారికి ఈ విషయములో ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. అచ్చతెలుగు మాటలలో సహజముగా ఒత్తక్షరములు లేవు. అవి సంస్కృతమునుండి వచ్చిన మాటలతో వచ్చినవి. మన నాలుక వానిని తేలికగా పలుకదు. నాలుక చెప్పనిచో చేతికి తెలియదు. అందుచేత “బాధ” అనుదానిని “భాద” అని వ్రాయుదురు. ఒత్తు ఒకటున్నదని తెలియును, ఎక్కడ నున్నదో తెలియదు. “విద్య” “విధ్య” యగును. “ఉచ్చారణ”ను గూర్చి ఉపన్యసించువారే దానిని “ఉచ్ఛారణ” యని వ్రాయుదురు. భోజనశాలల ముందు “శాఖాహారము” అను పలకను చూడనివారుండరు. శాకమనగా కూర, శాఖ యనగా కొమ్మ. కొమ్మలను తినువారు ఎవరో ఉందురేమో గాని, ఆ భోజనశాలకు వచ్చువారు మాత్రము కారు. గమనించినచో, ఇది తెలియమిచేత వచ్చిన తప్పు మాత్రమే కాదు. ఒత్తు పెట్టినచో మాట గంభీరముగా నుండునను భ్రమ కూడ ఇందులో నున్నది. లేని పాండిత్యమును చూపబోవుటయు ఒక విధమైన అసత్యమే గదా!

మనము “కి, గి, శి” మొదలగువానిపై నుంచు గుర్తునకు “గుడి” యని పేరు. శివశబ్దమునకు ఆ గుడిని తీసివేసినచో మిగులునది శవము. గుడి యున్నంతవరకే శివుడు. గుడి లేనిచో శవము. మా గురువుగారు పాఠశాలలో ఈ మాట చెప్పి మా పలకలమీద గుడులను దిద్దించెడివారు. “సుత” యనగా కుమారుడు. ఒక కొమ్ము దీర్ఘమైనచో “సూత” యనగా రథసారథి. కర్ణుని జీవితమంతయు ఈ రెండు మాటల నడుమ నలిగిపోయినది. “ప్రసాదము” అనుగ్రహము, “ప్రాసాదము” రాజభవనము. “వేళ” సమయము; “వేల” వందల పైసంఖ్య. “సకృత్” అనగా ఒకమారు. “శకృత్” అనగా మలము. “స్వజనులు” అనగా తనవారు. “శ్వజనులు” అన్నచో కుక్కలని అర్థము. బంధువులను ఆహ్వానించు శుభలేఖలో ఈ తప్పు దొరలినచో వచ్చినవారు భోజనము చేసి పోవుదురేమో గాని, తెలిసినవారు మరచిపోరు.

“అయినను సందర్భమునుబట్టి అర్థమగును గదా?” అని ఆ యువకుడు అడిగినట్లే పాఠకులును అడుగవచ్చును. నిజమే, తరచుగా అర్థమగును. కాని ఎట్లు అర్థమగుచున్నదో చూడుడు. వ్రాసినవాడు చేయవలసిన పనిని చదివినవాడు చేయుచున్నాడు. వ్రాసినవాడు ఒక క్షణము ఆగి చూచుకొన్నచో సరిపోవుదానికి, చదువు నూరుగురు నూరుసార్లు ఆగి, తడుముకొని, దిద్దుకొని ముందుకు పోవుచున్నారు. తెలిసినవారు దిద్దుకొందురు, తెలియని బాలుడు ఆ తప్పునే ఒప్పని నేర్చుకొనును. ఇది ఒకని బరువును ఒరులమీద మోపుట. దీనిని ధర్మమందుమా?

పూర్వము వ్రాసిన వ్రాత లోకమునకు చేరులోపల పలువురి చూపు దానిపై ప్రసరించెడిది. వ్రాయసకాడు, శోధించువాడు, అచ్చుకూర్చువాడు, అచ్చుదిద్దువాడు ఉండెడివారు. నేడు చేతిలోని ఫోనునందు వ్రాసినది మరునిమిషములో వేలమందికి చేరుచున్నది. నడుమ ఎవ్వరును లేరు. ఇది గొప్ప సౌకర్యమే. కాని అంతమంది చేయుచుండిన పని ఇప్పుడు వ్రాయువాని ఒక్కనిమీదనే పడినది. పంపుటకు ముందు ఒకసారి చదివి చూచుకొనుట నేటి రచయితకు సంధ్యావందనమువంటి నిత్యవిధి.

తాళపత్రములమీద వ్రాసిన పూర్వుల శ్రద్ధను తలచినచో మనకు సిగ్గు కలుగును. నడుము వంగి, మెడ వంచి, చూపు నిలిపి మిక్కిలి కష్టపడి వ్రాసితినని, బిడ్డను కాపాడినట్లు ఈ గ్రంథమును కాపాడుడని, తప్పులున్నచో మన్నింపుడని వారు గ్రంథాంతమున విన్నవించుకొనెడివారు. వేదాధ్యాయులు పదము, క్రమము, జట, ఘనము అను పాఠములతో ఒక్కొక్క పదమును ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందునకు అనేక పర్యాయములు వల్లించి, అక్షరము జారకుండ కాపాడిరి. ఇట్లు మనవరకు వచ్చిన వాక్కు ఋషిఋణము. దానిని చెడగొట్టక అందించుటయే ఆ ఋణమును తీర్చుకొనుట.

పూజాంతమున మనమందరము అక్షరలోపమును, పదలోపమును, మాత్రాలోపమును క్షమింపుమని దేవుని వేడుకొందుము. ఇందులో రెండు సత్యములున్నవి. తప్పు తప్పు కానిచో క్షమాపణ మెందులకు? తప్పు క్షమింపరానిదైనచో వేడుకొనుట మాత్రమెందులకు? శక్తికొలది శ్రద్ధ వహించిన పిదపనే ఆ వేడుకోలుకు విలువ. ఎట్లును క్షమించునులే యని అశ్రద్ధ చేయువాడు, నామబలమును నమ్ముకొని పాపము చేయువానివంటివాడు.

పండితుని దోషము

ఇంతవరకు వ్రాయువాని ధర్మము చెప్పితిని. ఇక తప్పు దిద్దువాని ధర్మము. ఇచ్చట నావంటివారు తల వంచుకొనవలసినది చాల కలదు.

మహాభాష్యములోనే వైయాకరణునికిని, రథసారథికిని జరిగిన సంవాదమొకటి కలదు. ఈ రథమునకు ప్రవేత ఎవరని వైయాకరణుడడిగెను. నేను ఈ రథమునకు ప్రాజితనని సారథి బదులు చెప్పెను. ప్రాజిత యనునది అపశబ్దమని వైయాకరణుడు ఆక్షేపించెను. అంతట సారథి, తమకు సూత్రము ఎంతవరకు పోవునో తెలియును గాని, లోకమునకు ఏది ఇష్టమో తెలియదని ఉత్తరమిచ్చెను. వైయాకరణుడు కోపించి అతనిని “దురుత” యని నిందింపబోగా, సూతశబ్దము ఆ ధాతువునుండి పుట్టలేదు, నిందింపదలచినచో “దుఃసూత” యనవలెనని సారథి ఆ నిందను కూడ దిద్దెను! ఇంత గొప్ప వ్యాకరణగ్రంథములో వైయాకరణుని ఓటమిని ఆ శాస్త్రమునకు ఆచార్యుడే వ్రాసి యుంచెను. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయి కుండ చేయుమనును. మాట కావలసినవాడు వైయాకరణుని ఇంటికి పోయి మాట చేయుమని అడుగడని కూడ ఆయనయే చెప్పెను. మాటలు లోకముయొక్క సొత్తు. వైయాకరణుడు కావలివాడే గాని యజమాని కాడు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలువరించి తెలుగునకు గొప్ప కట్టుబాటు కల్పించెను. తరువాత గిడుగు రామమూర్తి పంతులుగారు జనుల వాడుకకును గౌరవము కలదని వాదించి నిలిపిరి. పాఠశాలలో చదివిన నాకు ఆ రెండవ మాట మ్రింగుడు పడుటకు చాలకాలము పట్టినది. కాని అది సారథి చెప్పిన మాటయే.

శ్రీమద్రామాయణమున హనుమంతుడు భిక్షురూపమున వచ్చి మాటలాడగా విని శ్రీరాముడు లక్ష్మణునితో, ఇతడు వ్యాకరణమంతయు అనేక పర్యాయములు విన్నవాడై యుండవలెను, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దము దొరలలేదని మెచ్చుకొనెను. అపరిచితుల నడుమ మొదటి విశ్వాసము శుద్ధమైన వాక్కువలననే కలిగినది. కాని అదే హనుమంతుడు అశోకవనమున శింశుపావృక్షముపై కూర్చుండి ఏమని ఆలోచించెను? తాను పండితునివలె సంస్కృతమున పలికినచో సీతమ్మ తనను రావణుడని భ్రమించి భయపడునని తలచి, సామాన్యమానవులు పలుకు మాటలతోనే పలుకవలెనని నిశ్చయించుకొనెను. వ్యాకరణము పూర్తిగా తెలిసినవాడే శ్రోత భయమును గుర్తించి మాటను తగ్గించుకొనెను. శుద్ధమైన వాక్కు శ్రోత కొరకే. పాండిత్యప్రదర్శన కొరకు కాదు. గీతలో భగవానుడు చెప్పిన వాఙ్మయ తపస్సులోని మొదటి లక్షణము ఒరులను నొప్పింపకుండుట. తప్పును దిద్దునప్పుడు మనము పలుకు మాటకును ఈ లక్షణముండవలెను గదా!

ఇరువది సంవత్సరముల క్రిందట మా రామాలయములో ఒక వృద్ధరైతు ప్రతి శనివారము స్తంభమునకు ఆనుకొని కూర్చుండి సహస్రనామములను బిగ్గరగా చదువుచుండెడివాడు. తండ్రి నోట విని నేర్చినది. అచ్యుతనామమును “అచ్చుత” యని పలికెడివాడు. ఒకనాడు పదిమంది వినుచుండగా నేను, “నామము చెడగొట్టుట కంటె ఊరకుండుట మేలు” అంటిని. నవ్వినవారు నవ్విరి. ఆయన ఏమియు అనలేదు. తరువాత కూడ ఆలయమునకు వచ్చుచుండెను, ఆ స్తంభము వద్దనే కూర్చుండెను; కాని మరల నోరు విప్పలేదు. నేను విజయము పొందితిననుకొంటిని. కొన్ని సంవత్సరములకు అన్నమాచార్యులవారి సంకీర్తనములను చదువుచుండగా “అచ్చుతుడు” అను రూపము కనబడినది. ఒకచోట కాదు, పలుచోట్ల. తాళ్లపాకవారు స్వామిని ఏ తెలుగురూపముతో పిలిచిరో, ఆ రైతు నోటను అదే యున్నది. సంస్కృతస్తోత్రమున ఆ రూపము తగదను మాట నిజమే. కాని ఆయన యజ్ఞము చేయుటలేదు, గ్రంథము వ్రాయుటలేదు. తనలో తాను స్వామిని పిలుచుకొనుచున్నాడు. దిద్దరానిచోట దిద్దితిని. క్షమాపణ చెప్పవలెనని అనుకొనుచుండగనే ఆయన కాలధర్మము చెందెను.

ఆయన కుమారుడు తండ్రిపేర ఆలయమున చిన్న మంటపము కట్టించెను. శిలాఫలకముపై చెక్కవలసిన వాక్యమును వ్రాసి యిమ్మని నావద్దకే వచ్చెను. వ్రాసి యిచ్చితిని. చెక్కుటకు ముందు రాతిమీద గీసిన అక్షరములను ఒకసారి చూడుమని కబురు పంపిరి. ఎండగా నున్నదని పోలేదు. ప్రతిష్ఠనాడు చూతునుగదా, “జ్ఞాపకార్థము” అని యుండవలసినచోట “జ్ఞాపకార్ధము” అని యున్నది. థకారము ధకారమైనది. అర్థము అనగా ప్రయోజనము. అర్ధము అనగా సగము. ఆయన జ్ఞాపకము కొరకు కట్టిన మంటపముమీద ఆయన జ్ఞాపకములో సగము అని చెక్కబడినది. శిల్పిని ఏమనగలను? చూడవలసినవాడను నేను. పలుకరానిచోట పలికినవాడను, చూడవలసినచోట చూడనివాడను. ఒక్క మనిషి విషయములోనే రెండు దోషములును చేసితిని.

ఆ కుమారునితో చెప్పగా, “పోనివ్వండి శాస్త్రిగారూ, చదివేవాళ్ళకు తెలుస్తుందిలెండి” అనెను. నాకు నిద్రపట్టలేదు. ధకారము నడుమ ఒక చుక్క పెట్టినచో థకారమగును. మరునాడే శిల్పిని వెంటబెట్టుకొని పోయితిని. రెండు దెబ్బల పని. ఉలి మొన దించి ఒక చుక్క తొలిచెను. సగము పోయి అర్థము నిలిచినది. ఆ స్తంభము వద్ద కూర్చుండి ఆయన పలికినట్లే “అచ్చుతా” యని మూడుమార్లు పలికితిని. అంతకుమించిన ప్రాయశ్చిత్తము నాకు తోచలేదు.

శ్రద్ధకు ఒత్తు

ఈ కథయంతయు తలచుకొని మరునాటి సాయంకాలము ఆ యువకుని వద్దకు పోయితిని. ఈమారు తప్పును చూపలేదు. “శ్రద్ధ యను మాట ఎట్లు పుట్టినదో తెలియునా నాయనా?” అని అడిగితిని. తెలియదనెను. “శ్రత్ అనగా సత్యము. ధా అనగా ఉంచుట, నిలుపుట. సత్యమునందు మనస్సును నిలుపుటయే శ్రద్ధ. ఒత్తు తీసినచో ధా పోయి దా మిగులును. దా అనగా ఇచ్చుట. మనస్సు నిలుచుట అనునది ఆ ఒత్తులోనే యున్నది. స్వామి మనస్సునే చూచునంటివి, నిజమే. ఆ మనస్సు నిలిచిన గుర్తు నీ సుద్దముక్క చివరనే యున్నది” అంటిని. అతడు కొంతసేపు ఆలోచించి, బల్లమీది ఆ మాటను వ్రేలితో తుడిచి, మరల వ్రాసెను. ఒత్తును కొంచెము పెద్దదిగనే వ్రాసెను!

పాఠకమహాశయులారా! నేర్చుకొనువాడు తప్పుచేయుట సహజము. బావి త్రవ్వువాని ఒంటికి మట్టి అంటును. నీరు పడిన పిదప ఆ నీటితోనే మట్టి కడుగుకొని పోవునని భాష్యకారుడు చెప్పిన దృష్టాంతము నేర్చుకొనువారి కెల్లరకు అభయము. కాబట్టి తప్పులకు వెరచి వ్రాయుట మానవలదు. వ్రాసినదానిని మరియొకమారు చూచుట మానవలదు. సందేహము కలిగినచో నిఘంటువును అడుగుటకు సిగ్గుపడవలదు. ఒరుల తప్పు కంటబడినచో ఏకాంతమున, కారణముతో సహా, మెత్తగా చెప్పుడు. వారు పలుకునది దేవునితోనైనచో ఆ మాటను దేవునికే విడువుడు.

భావశుద్ధి భగవంతునికి మనము సమర్పించు నైవేద్యము. శబ్దశుద్ధి తోడి మానవునికి వడ్డించు భోజనము. స్వామి నైవేద్యములోని రాతిని క్షమించును. అతిథి పంటిక్రింద రాయి పడకుండ బియ్యము ఏరవలసినది మనమే. అట్టి ఓపికను మనకు వాగ్దేవి ప్రసాదించుగాక!